కాంతిని దాచుకున్న ఆక్సిజన్: రసాయన లేజర్ల పనితీరు పరిస్థితులను బట్టి ఎలా మారుతుంది

అమలాపురంలో సైన్సు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.

వేదిక మీద ఉన్న పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. వెనక వరసల్లో రొయ్యల చెరువులు చేసే రైతులు కొందరు కూర్చున్నారని ఇప్పుడే చెప్పారు. వారు వచ్చినందుకు నాకు మరింత సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈనాటి విషయాన్ని వారి అనుభవంతోనే మొదలుపెట్టాలని ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే అనుకున్నాను.

ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చెరువుల్లో ఒకే రోజున, ఒకే హేచరీ నుంచి తెచ్చిన పిల్లను వదిలి, ఒకే మేత వేసినా పంట ఒకేలా రాదు. ఎందుకు రాదు? రైతును అడిగితే తెల్లవారుజామున నాలుగు గంటలకు నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతారు, ఎన్ని ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయో చెబుతారు, మబ్బు పట్టిన రోజులు ఎన్నో చెబుతారు. పిల్ల ఒకటే, మేత ఒకటే, పరిస్థితులు వేరు. రసాయన లేజర్ కూడా సరిగ్గా ఇలాంటిదే. దాని సమీకరణం పుస్తకంలో ఒక్క వరసలో ఉంటుంది. ఆ వరస ఏం జరగగలదో చెబుతుంది. ఎంత జరుగుతుందో నిర్ణయించేవి పీడనం, ఉష్ణోగ్రత, ప్రవాహ వేగం, వాయువులు ఒకదానితో ఒకటి కలిసే తీరు. నేను పనిచేసిన ప్రయోగశాలలో ఎన్నో ఏళ్ళు మేము సమీకరణాన్ని ఒక్క అక్షరం కూడా మార్చలేదు, పరిస్థితులతోనే కుస్తీ పట్టాం.

ముందుగా రసాయన లేజర్ అంటే ఏమిటో చూద్దాం. మామూలు లేజర్‌కు శక్తి బయటి నుంచి, విద్యుత్తు రూపంలోనో మరో దీపం రూపంలోనో అందుతుంది. రసాయన లేజర్‌లో ఆ శక్తి చర్యలోనే పుడుతుంది. రెండు వాయువులు కలిసి కొత్త అణువు ఏర్పడినప్పుడు విడుదలైన శక్తి అంతా వెంటనే వేడిగా మారిపోదు, అందులో పెద్ద భాగం కొత్త అణువు కంపనాల్లో కొద్దిసేపు నిలిచి ఉంటుంది. ఆ కొద్దిసేపట్లోనే దాన్ని కాంతిగా తీసుకోవచ్చునని 1961లో జాన్ పొలానీ ప్రతిపాదించారు. 1965లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో కాస్పర్, పిమెంటెల్ అనే ఇద్దరు హైడ్రోజన్, క్లోరిన్ మిశ్రమం మీద ఒక మెరుపు దీపం వెలిగించి మొదటి రసాయన లేజర్‌ను పని చేయించారు. పొలానీకి 1986లో మరి ఇద్దరితో కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

"కొద్దిసేపు" అన్నాను కదా, ఆ మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఫ్లోరిన్ పరమాణువు హైడ్రోజన్ అణువును ఢీకొంటే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. ఒక మోల్‌కు దాదాపు 130 కిలోజౌల్‌ల శక్తి విడుదలవుతుంది. కంపన స్థాయిలను మెట్లుగా ఊహించుకోండి. ఇలా పుట్టిన అణువులు ఎక్కువగా రెండో మెట్టు మీద పుడతాయి, తరవాత మూడో మెట్టు మీద, అంతకంటే తక్కువగా మొదటి మెట్టు మీద. కింది నేల మీద పుట్టేవి దాదాపు లేవనే చెప్పాలి. పై మెట్టు మీద ఎక్కువమంది, కింద తక్కువమంది ఉండటమే లేజర్‌కు కావలసిన మొదటి షరతు, అది ఇక్కడ పుట్టుకతోనే వచ్చేసింది. కానీ హైడ్రోజన్ ఫ్లోరైడ్ అణువులకు ఒకదానితో ఒకటి గట్టి ఆకర్షణ ఉంది. పై మెట్టు మీద ఉన్నది సాటి అణువును ఢీకొంటే ఆ కంపన శక్తి వేడిగా జారిపోతుంది. అంటే చర్య ఒక పక్క నింపుతూ ఉంటుంది, ఢీకొనటం మరో పక్క ఖాళీ చేస్తూ ఉంటుంది. ఈ రెండింటి మధ్య పందెమే రసాయన లేజర్ అసలు కథ.

ఇప్పుడు పీడనం సంగతి. మన చుట్టూ ఉన్న గాలి పీడనం 760 టార్. హైడ్రోజన్ ఫ్లోరైడ్ లేజర్‌లో కాంతి పుట్టే గదిలో ఉండేది కొద్ది టార్‌లు మాత్రమే. అంత పలచన ఎందుకు? ఐదు టార్‌ల దగ్గర కూడా ఒక అణువు సెకనుకు కొన్ని కోట్ల సార్లు ఢీకొంటుంది. పీడనం రెట్టింపు చేస్తే ఎక్కువ వాయువు పడుతుంది కాబట్టి ఎక్కువ కాంతి రావాలని మొదటిసారి వినేవారికి అనిపిస్తుంది. నాకూ విద్యార్థిగా అలాగే అనిపించింది. కానీ పీడనం పెరిగితే చర్య వేగం పెరిగినట్టే శక్తి జారిపోయే వేగం కూడా పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. ఫ్లోరిన్ ఒక చీలిక నుంచి, హైడ్రోజన్ పక్క చీలిక నుంచి వస్తాయి, అవి ఒకదానిలోకి ఒకటి వ్యాపించి కలిస్తేనే చర్య జరుగుతుంది. పీడనం పెరిగేకొద్దీ ఆ వ్యాపనం నెమ్మదిస్తుంది. దాంతో ముందు కలిసిన పొరలో పుట్టిన అణువులు, వెనక పొర ఇంకా కలవకముందే చల్లారిపోయి నేల మీదికి దిగుతాయి, దిగి అక్కడే ఉండి రాబోయే కాంతిని మింగుతాయి. దీనికి విరుగుడు చీలికలను సన్నం చేయటం. వ్యాపనంతో కలవటానికి పట్టే సమయం దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక చీలిక వెడల్పును సగం చేస్తే ఆ సమయం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఈ లేజర్ల నాజిళ్ళు దువ్వెన పళ్ళలా, వందల సన్నటి చీలికలతో ఉంటాయి. ఒక చీలిక మూసుకుపోతే అక్కడి మేరకు కాంతి పోతుంది.

ఉష్ణోగ్రత విషయంలో ఒక విచిత్రం గమనించండి. ఇదే యంత్రంలో ఒక చోట మండే వేడి కావాలి, కొద్ది అంగుళాల దూరంలో గడ్డకట్టే చలి కావాలి. ఫ్లోరిన్ అణువును పరమాణువులుగా విడదీయటానికి వేడి కావాలి, అందుకోసం ముందున్న దహన గదిలో ఫ్లోరిన్‌నో నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌నో ఎక్కువగా పోసి ఒక ఇంధనంతో మండిస్తారు. ఆ ఇంధనం ఏమిటన్నది కూడా పనితీరును నిర్ణయిస్తుంది. హైడ్రోజన్ ఫ్లోరైడ్ లేజర్‌లో దహన గదికి ఇంధనంగా భార హైడ్రోజన్ అంటే డ్యుటీరియం వాడతారు. హైడ్రోజన్ అంత చవగ్గా దొరుకుతుండగా ఖరీదైన డ్యుటీరియం ఎందుకు? దహన గదిలో మామూలు హైడ్రోజన్ మండిస్తే అక్కడే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుట్టి, చల్లారి, నేల మెట్టు మీద కూర్చుని లేజర్ గదిలోకి వస్తుంది, వచ్చి అక్కడి కాంతిని మింగుతుంది. డ్యుటీరియం ఫ్లోరైడ్ అయితే వేరే తరంగదైర్ఘ్యం దగ్గర మింగుతుంది కనుక ఈ కాంతి జోలికి రాదు. లేజర్ డ్యుటీరియం ఫ్లోరైడ్‌దైతే పాత్రలు తారుమారవుతాయి. 1980లో మొదలైన మిరాకిల్ అనే అమెరికా మెగావాట్ స్థాయి లేజర్‌లో దహన గదిలో ఎథిలీన్, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ మండేవి, డ్యుటీరియం తరవాత వచ్చి కలిసేది.

ఆ వేడి వాయువును నాజిల్ ద్వారా వ్యాకోచింపజేసి ధ్వని వేగాన్ని దాటిస్తే అది తనంతట తానే చల్లబడుతుంది. చల్లబడితే లాభం ఏమిటంటే, అణువుల భ్రమణ శక్తి కొన్ని స్థాయిల్లోనే కుప్పపడుతుంది, ఆ కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గర కాంతి బాగా పెరుగుతుంది. వేగం వల్ల మరో లాభం కూడా ఉంది. చల్లారిన అణువులు, కాంతిని అటూ ఇటూ తిప్పి పెంచే అద్దాల మధ్య నిలవకుండా ముందుకు కొట్టుకుపోతాయి.

ఇక నాకు అత్యంత ఇష్టమైన లేజర్ దగ్గరకు వస్తాను. రసాయన ఆక్సిజన్ అయోడిన్ లేజర్. దీన్ని 1977లో అమెరికా వైమానిక దళ ప్రయోగశాలలో మొదటిసారి పని చేయించారు. మన దేశంలో ఢిల్లీలోని లాస్టెక్ అనే డీఆర్‌డీవో లేజర్ ప్రయోగశాలలో దీని మీద పని జరిగింది. ఇందులో చాలా భాగం మన ఊళ్ళలో అందరికీ తెలిసిన సరుకే: క్లోరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, కాస్టిక్ పొటాష్, టింక్చరులో ఉండే అయోడిన్.

క్షారం కలిపిన పెరాక్సైడ్ ద్రావణంలోకి క్లోరిన్ పంపితే ఆక్సిజన్ వస్తుంది. అది మనం పీల్చే ఆక్సిజన్ వంటిదే కానీ, ఎలక్ట్రాన్లు ఒక మెట్టు పైన ఉన్నది, దాన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అంటాం. దీని ఆయుష్షు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఎవరితోనూ ఢీకొనకుండా ఒంటరిగా వదిలేస్తే అది ఆ శక్తిని గంటకు పైగా పట్టి ఉంచుకోగలదు. అదే అణువు నీటిలో చిక్కుకుంటే కొన్ని మైక్రోసెకన్లలో ఆ శక్తిని పోగొట్టుకుంటుంది. ఎంత తేడానో చూడండి! గంట ఎక్కడ, సెకనులో పది లక్షల వంతు ఎక్కడ! కాబట్టి జనరేటర్ అని మేము పిలిచే ఆ పాత్రలో ఒక్కటే పని: ద్రవం పైపొరలో పుట్టిన సింగ్లెట్ ఆక్సిజన్ అక్కడే చనిపోకముందే వాయువులోకి బయటపడాలి.

ఇక్కడ వెనక వరసలవారు నన్ను చెప్పనివ్వకుండానే జవాబు చెప్పగలరు. ఏరేటర్ ఏం చేస్తుంది? నీటిని చిన్న చిన్న తుంపరలుగా ఎగరేసి గాలికీ నీటికీ మధ్య ఉపరితలాన్ని పెంచుతుంది. మా జనరేటర్‌దీ అదే సూత్రం. మొదటి రోజుల్లో ద్రావణంలోకి బుడగలుగా క్లోరిన్ పంపేవారు. బుడగ పెద్దదైతే లోపలి క్లోరిన్‌లో చాలా భాగం ద్రవాన్ని తాకకుండానే పైకి వచ్చేస్తుంది. బుడగ మరీ చిన్నదై, ప్రవాహం మరీ జోరైతే నురగ లేచి ద్రవపు తుంపరలు వాయువుతోపాటు అద్దాల దాకా వెళతాయి. అందుకని తరవాత ద్రవంలో సగం మునిగి తిరిగే పళ్ళేలు వచ్చాయి, ఆ తరవాత ద్రావణాన్నే సన్నటి ధారలుగా జార్చి క్లోరిన్‌ను ఎదురుగా పంపే పద్ధతి వచ్చింది. అయితే పీడనం ఇక్కడ కూడా వదలదు. రెండు సింగ్లెట్ అణువులు ఢీకొంటే ఒకటి తన శక్తిని రెండోదానికి ఇచ్చేసి మామూలు ఆక్సిజన్‌గా మిగులుతుంది. ఆ నష్టం సాంద్రత వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక జనరేటర్ నుంచి నాజిల్ దాకా ఉన్న గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు.

ద్రావణాన్ని సున్నా కంటే పది నుంచి ఇరవై డిగ్రీలు దిగువన ఉంచేవాళ్ళం. ఎందుకో ఉక్కపోత తెలిసిన కోనసీమవారికి వివరించనక్కర లేదు, గాలిలో నీటి ఆవిరి ఎంత బరువో మనకు వేసవిలో ఒంటికే తెలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి ఆవిరి పీడనం దాదాపు 24 టార్‌లు ఉంటే, మైనస్ పది దగ్గర రెండు టార్‌ల చుట్టుపక్కల ఉంటుంది. ఈ నీటి ఆవిరి ఉత్తేజిత అయోడిన్‌కు బద్ధ శత్రువు, తాకితే చాలు దాని శక్తిని గుంజేస్తుంది. మరీ చల్లబరిస్తే మాత్రం ద్రావణం చిక్కబడి పారదు. చర్య సాగేకొద్దీ ద్రావణం వేడెక్కుతుంది, పొటాషియం క్లోరైడ్ ఉప్పు గింజలుగా తేలి సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. ఆ బాధ తగ్గించటానికి కొన్ని పెద్ద యంత్రాల్లో పొటాషియం ఒక్కటే కాకుండా లిథియం, సోడియం క్షారాలను కూడా కలిపి వాడారు.

ఈ సింగ్లెట్ ఆక్సిజన్ తన శక్తిని అంత నెమ్మదిగా వదులుతుంది కనుక స్వయంగా లేజర్‌గా పనికిరాదు. అది తన శక్తిని అయోడిన్ పరమాణువుకు అప్పగిస్తుంది, అయోడిన్ దాన్ని 1.315 మైక్రాన్ల పరారుణ కాంతిగా వదులుతుంది. కానీ మనం పంపేది అయోడిన్ అణువు, అది ముందు రెండు పరమాణువులుగా విడిపోవాలి. విడదీసే పని కూడా సింగ్లెట్ ఆక్సిజన్‌దే, ఒక్కో అయోడిన్ అణువుకు నాలుగు నుంచి ఆరు దాకా సింగ్లెట్ అణువులు ఖర్చవుతాయి. నూరు ఆక్సిజన్ అణువులకు రెండు అయోడిన్ అణువులు పంపామనుకోండి, ఒక్కోదానికి ఐదు చొప్పున పది సింగ్లెట్లు విడదీయటానికే పోతాయి. అయోడిన్ మరీ తగ్గిస్తే ఆక్సిజన్‌లో ఉన్న శక్తిని అందుకునేవారు చాలక అది వాడకుండానే బయటికి పోతుంది. సాధారణంగా మంచి ఫలితం వచ్చేది నూటికి ఒకటి, రెండు మధ్యనే.

ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఒక ఉదయం గుర్తుకు వస్తుంది. ఆ వారం మా లేజర్ శక్తి ఒక్కో పరుగుకు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. క్లోరిన్ ప్రవాహం చూశాం, సరిగ్గానే ఉంది. అద్దాలు మచ్చపడ్డాయేమోనని తీసి తుడిచాం, బాగానే ఉన్నాయి. రెండు రోజులు పోయాయి. మూడో రోజు నేను పక్క కిటికీలోంచి నాజిల్ వైపే చూస్తూ నిలబడ్డాను. అయోడిన్ ఊదారంగు ఆవిరి సింగ్లెట్ ఆక్సిజన్‌లో కలిసే చోట పసుపు పచ్చని వెలుగు వస్తుంది, అణువులు విడిపోతున్నంతసేపే ఆ వెలుగు ఉంటుంది, విడిపోవటం పూర్తవగానే అది ఆగిపోతుంది. ఆ రోజు ఆ వెలుగు కుడి పక్క నిండుగా ఉంది, ఎడమ పక్క మసకగా ఉంది. అయోడిన్ వచ్చే గొట్టం వెంట చెయ్యి పెట్టి చూసుకుంటూ వెళితే ఒక మలుపు దగ్గర చల్లగా తగిలింది. గొట్టానికి చుట్టిన వేడి పట్టీ అక్కడ తెగిపోయింది. విప్పి చూస్తే లోపల నల్లగా, నిగనిగలాడుతూ, అభ్రకం రేకుల్లా అయోడిన్ పేరుకుపోయి ఉంది. దాన్ని గీకి తీసిన నా వేళ్ళకు పట్టిన గోధుమరంగు రెండు రోజులు వదల్లేదు. ఒక జానెడు గొట్టం పది డిగ్రీలు చల్లబడితే చాలు, ఇంత పెద్ద యంత్రం కుంటుపడింది. పరిస్థితులు అంటే నా ఉద్దేశం ఇదే.

ఇక చలి వల్ల కలిగే అతి పెద్ద మేలు చెబుతాను, విద్యార్థులు దీన్ని కాగితం మీద వేసుకోండి. ఆక్సిజన్ అయోడిన్‌కు శక్తి ఇస్తుంది, అయోడిన్ కూడా ఆక్సిజన్‌కు తిరిగి ఇవ్వగలదు. ఆ ఇచ్చిపుచ్చుకోవటంలో సమతాస్థితి స్థిరాంకం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, దాని విలువ 0.75 ను 'e' టు ది పవర్ (402 బై కెల్విన్‌లలో ఉష్ణోగ్రత)తో గుణించినది. గది ఉష్ణోగ్రత దగ్గర అది దాదాపు 2.9 వస్తుంది, 150 కెల్విన్‌ల దగ్గర దాదాపు 11 వస్తుంది. దీనివల్ల ఏమవుతుంది? గది ఉష్ణోగ్రత దగ్గర మొత్తం ఆక్సిజన్‌లో కనీసం నూటికి 15 వంతులు సింగ్లెట్‌గా ఉంటేనే లేజర్ మొదలవుతుంది, అంటే ఆ పదిహేను వంతుల శక్తిని మనం ఎప్పటికీ తీసుకోలేం. 150 కెల్విన్‌ల దగ్గర ఆ గడప నాలుగు, ఐదు వంతులకు దిగుతుంది. జనరేటర్ నూటికి అరవై వంతులు సింగ్లెట్ ఇస్తోందనుకుంటే మొదటి సందర్భంలో చేతికి వచ్చేది 45, రెండో దానిలో 55. క్లోరిన్ ఒక్క గ్రాము కూడా ఎక్కువ పోయకుండా వచ్చిన లాభం ఇది. ధ్వని వేగానికి రెండింతల వేగంతో నాజిల్ దాటిస్తే ఈ చలి దానంతట అదే వస్తుంది. హీలియం ఎక్కువగా కలిపితే ఇంకా చల్లగా, ఇంకా వేగంగా పోతుంది, నైట్రోజన్ చవక కానీ బరువు. ఒక మోల్ క్లోరిన్ నుంచి సిద్ధాంతరీత్యా రాగల కాంతి 91 కిలోజౌల్‌లు. అందులో నూటికి ఇరవై నుంచి ముప్పై వంతులు చేతికి వస్తే ఆ యంత్రం బాగా నడుస్తున్నట్టు లెక్క.

అద్దాల గురించి ఒక్క మాటే చెబుతాను. ఈ లేజర్‌లో ఒక సెంటీమీటరు దూరంలో కాంతి పెరిగేది నూటికి ఒక వంతో, అంతకంటే తక్కువో. కాబట్టి అద్దం ఎక్కువ వదిలేస్తే లేజర్ ఆగిపోతుంది, మరీ తక్కువ వదిలితే కాంతి లోపలే తిరిగి అద్దాన్ని వేడెక్కిస్తుంది.

బయటికి పోయే వాయువు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి ఉపమానం మన ధవళేశ్వరంలోనే ఉంది. బ్యారేజీ తలుపుల కింద నుంచి నీరు పలచగా, మహా వేగంగా దూసుకొస్తుంది, కొంత దూరం పోయాక నురగలు కక్కుతూ ఒక్కసారిగా ఎత్తు పెరిగి నెమ్మదిస్తుంది. దాన్ని ఇంజినీర్లు హైడ్రాలిక్ జంప్ అంటారు. ధ్వనిని మించిన వేగంతో పోయే వాయువులో అలాంటిదే ఆఘాత తరంగం, అక్కడ వాయువు నెమ్మదించి, పీడనం పెరిగి, వేడెక్కుతుంది. అద్దాలు దాటాక డిఫ్యూజర్ అనే బయటికి పోయే గొట్టంలో ఆ తరంగం రావాలి. దిగువ నీటి మట్టం పెరిగితే ఆ జంప్ వెనక్కి జరిగి తలుపునే ముంచేస్తుంది కదా? లేజర్‌లోనూ అంతే, బయటి పంపులు చాలకపోయినా, లోపల చర్య విడుదల చేసే వేడి ఎక్కువైనా ఆ తరంగం అద్దాల మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. చలి పోతుంది, పలచన పోతుంది, లేజర్ ఆరిపోతుంది. కొద్ది టార్‌ల దగ్గరున్న వాయువును 760 టార్‌ల గాలిలోకి నెట్టటం ఎంత భారమో దీన్ని బట్టి ఊహించండి. బోయింగ్ 747 విమానంలో అమర్చిన ఆక్సిజన్ అయోడిన్ లేజర్ 2010 ఫిబ్రవరిలో ఎగురుతున్న క్షిపణిని కూల్చింది. ఆ విమానం తిరగవలసిన పన్నెండు కిలోమీటర్ల ఎత్తున బయటి పీడనం 150 టార్‌ల లోపే ఉంటుంది కనుక ఈ భారం అక్కడ చాలా తగ్గుతుంది. ఆ కార్యక్రమాన్ని మరుసటి ఏడాది ఆపేశారు.

బయటికి వచ్చిన కాంతికి కూడా పరిస్థితులు తప్పవు. హైడ్రోజన్ ఫ్లోరైడ్ కాంతి 2.6 నుంచి 3 మైక్రాన్ల మధ్య ఉంటుంది, దాన్ని గాలిలోని తేమ మింగేస్తుంది. అంతర్వేది తీరాన నిలబడి దాన్ని వదిలితే ఎంతో దూరం పోదు. డ్యుటీరియం ఫ్లోరైడ్ కాంతి 3.6 నుంచి 4.2 మైక్రాన్ల మధ్య ఉండి ఆ తేమను చాలా వరకు దాటుకుపోతుంది.

ఇంతసేపు ఓపికగా విన్నారు. ప్రశ్నల చీటీలు వచ్చాయి, సమయం తక్కువ కనుక ఒక్కదానికి జవాబు చెబుతాను. వెనక నుంచి ఒక రైతు అడుగుతున్నారు: "చెరువులో ఆక్సిజన్ పడిపోతే మేము పెరాక్సైడ్ పోస్తాం, బ్లీచింగ్ కూడా వాడతాం. అయితే మా చెరువులో కూడా ఈ సింగ్లెట్ ఆక్సిజన్ పుడుతుందా?" చాలా మంచి ప్రశ్న. పెరాక్సైడ్ ఒక్కటే పోస్తే అది విడిపోయి మామూలు ఆక్సిజనే ఇస్తుంది. బ్లీచింగ్‌లోని క్లోరిన్‌తో అది కలిస్తే మాత్రం పుట్టే ఆక్సిజన్‌లో సింగ్లెట్ ఉంటుంది. ఉన్నా నీటిలోనే మైక్రోసెకన్లలో చల్లారిపోతుంది, పైగా బ్లీచింగ్, పెరాక్సైడ్ రెండూ ఒకదాన్నొకటి ఖర్చు చేసేసుకుంటాయి. అందువల్ల ఒకే పూట రెండూ పోయకండి. గాఢంగా ఉన్నవాటిని బకెట్‌లో అసలే కలపకండి, పొంగి కళ్ళ మీద పడుతుంది.

ఆ చర్యలో రెండు సింగ్లెట్ అణువులు జంటగా శక్తిని వదిలినప్పుడు 634 నానోమీటర్ల దగ్గర సన్నటి ఎర్రటి వెలుగు వస్తుంది. ఖాన్, కాషా అనే ఇద్దరు 1963లో ఆ వెలుగు సింగ్లెట్ ఆక్సిజన్‌దని చెప్పారు. చూడాలనుకునే విద్యార్థులు రేపు ఉదయం మీ రసాయన ప్రయోగశాలకు రండి. మీ మాస్టారి అనుమతి తీసుకున్నాను, పొగ తోడే గూటిలో, కళ్ళద్దాలు పెట్టుకుని, కొద్ది మిల్లీలీటర్లతో చేసి చూపిస్తాను. కిటికీలన్నీ మూసి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, అది మాత్రం ముందే చెబుతున్నాను.